హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను కాపాడుకోవడం ఎలా? వేడి, లాకప్ సంగతులు

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను తినేసేది కిలోమీటర్లు కాదు, వేడి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద రోజూ వంద కిలోమీటర్లు తిరిగే బండి గేర్‌బాక్స్ చల్లగా, హాయిగా ఉంటుంది. మైండ్‌స్పేస్ నుంచి కూకట్‌పల్లికి రోజూ సాయంత్రం గంటన్నర పాకే బండిది మాత్రం సగం కిలోమీటర్లకే అలసిపోతుంది. తేడా అంతా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఎంతసేపు జారుతోంది, ఎంతసేపు లాకప్‌లో, అంటే జారకుండా బిగుసుకుని, ఉంటోంది అన్నదాంట్లోనే ఉంది. ఆ సమయాన్ని మీకు అనుకూలంగా మార్చుకోవడం, పుట్టిన వేడిని బయటికి పంపే దారి మూసుకుపోకుండా చూసుకోవడం, ఈ రెండు పనులూ ఎలా చేయాలో వరసగా చూద్దాం.

ముందు మీ బండిలో ఏ గేర్‌బాక్స్ ఉందో తేల్చుకోండి

రెండు పెడళ్లే ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మారుతి ఏజీఎస్, టాటా ఏఎంటీ లాంటివి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సులే. క్లచ్ తొక్కే పని మిషన్ చేస్తుంది, అంతే. వాటిలో టార్క్ కన్వర్టర్ ఉండదు. ఫోక్స్‌వ్యాగన్ 7 స్పీడ్ డీఎస్‌జీ, హ్యుందాయ్ 7 స్పీడ్ డీసీటీలలో రెండు క్లచ్చులు ఉంటాయి కానీ కన్వర్టర్ ఉండదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ టొయోటాలలోనూ లేదు. ఈ వ్యాసంలోని లాకప్ సంగతులు వీటికి వర్తించవు.

ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్, ఎక్స్‌యూవీ 700, హారియర్, క్రెటా డీజిల్, బ్రెజా 6 స్పీడ్, టైగున్, వర్టస్ 1.0 లీటర్ ఆటోమేటిక్‌లలో ఉన్నది అసలైన టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్. 2014 తర్వాతి హోండా సిటీ సీవీటీ (విడి గేర్ల బదులు బెల్టుతో నడిచే గేర్‌బాక్స్) లోనూ కన్వర్టర్, లాకప్ ఉంటాయి. అయితే సీవీటీ ఆయిల్ వేరు. ఆయిల్ గురించి కింద చెప్పిన కొలతలు సీవీటీకి వాడకండి.

వేడి ఎక్కడ పుడుతుందో అర్థం చేసుకోండి

మిక్సీలో ఇడ్లీ పిండి ఎక్కువసేపు రుబ్బితే జార్ వేడెక్కుతుంది కదా. అడుగున మంట లేదు. పిండిని బ్లేడు కోసే, తిప్పే శ్రమే వేడిగా మారింది. కన్వర్టర్‌లో జరిగేది కూడా ఇదే. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ని విసురుతాయి, ఆ ఆయిల్ గేర్‌బాక్స్ వైపు రెక్కలను తోస్తుంది. రెండు వైపులా ఒకే వేగంతో తిరిగితే నష్టం లేదు. ఒకటి వేగంగా, రెండోది మెల్లగా తిరిగినప్పుడు ఆ మధ్య తేడా అంతా ఆయిల్‌లో వేడిగా దిగుతుంది. ఆ తేడానే స్లిప్ అంటాం.

లాకప్ అంటే ఈ రెండు వైపులనూ కలిపి బిగించే క్లచ్. కంప్యూటర్ ఒక సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ద్వారా ఆయిల్ ప్రెషర్ పంపి దాన్ని మూస్తుంది. మూసుకున్నాక ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే ముక్కలా తిరుగుతాయి, కన్వర్టర్‌లో వేడి దాదాపు ఆగిపోతుంది. కొత్త తరం బండ్లు పూర్తిగా బిగించకుండా 20 నుంచి 50 ఆర్‌పీఎం దాకా కావాలనే జారనిస్తాయి, కుదుపు తెలియకుండా ఉండటానికి. దానివల్ల నష్టం తక్కువ.

ఒక చిన్న లెక్క చూడండి. ఫిల్మ్‌నగర్ ఎత్తులో సిగ్నల్ పడింది. బండి వెనక్కి జారకుండా బ్రేక్ బదులు యాక్సిలరేటర్‌తో పట్టుకుని నిలబడ్డారు. ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర 90 న్యూటన్ మీటర్లు కన్వర్టర్‌కి ఇస్తోందనుకుంటే, అది 14 కిలోవాట్లు. బండి కదలడం లేదు కాబట్టి మొత్తం వేడే. ఇంట్లో బాత్‌రూమ్ గీజర్ 2 కిలోవాట్లు ఉంటుంది. అంటే ఏడు గీజర్లు ఏడు లీటర్ల ఆయిల్‌లో ఒకేసారి పెట్టినట్టు. పదిహేను సెకన్లు అలా ఉంటే, లోహం పీల్చుకునేది పక్కన పెడితే, ఆయిల్ మొత్తానికీ సమంగా పంచినా 20 డిగ్రీల దాకా పెరుగుతుంది. నిజానికి ఆ వేడి సమంగా పంచుకోదు. ముందు కన్వర్టర్‌లో ఉన్న రెండు మూడు లీటర్లకే తగులుతుంది.

బ్రేక్ తొక్కి అదే చోట నిలబడితే ఇంజిన్ ఐడిల్‌లో ఉంటుంది, వేడి ఒక కిలోవాట్ చుట్టుపక్కలే. యాక్సిలరేటర్‌తో ఎత్తు మీద నిలబెట్టే అలవాటు ఉంటే ఈ వ్యాసంలో మిగతావన్నీ చదవకపోయినా పర్లేదు, ముందు అది మానేయండి.

ఆయిల్ ఉష్ణోగ్రత కళ్లతో చూసే ఏర్పాటు చేసుకోండి

చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఉష్ణోగ్రతకు మీటరు ఉండదు. హెచ్చరిక దీపం వెలిగేసరికి ఆలస్యం అయిపోతుంది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) గుచ్చే బ్లూటూత్ ముక్క ఒకటి, ఫోన్‌లో కార్ స్కానర్ లాంటి యాప్ ఒకటి చాలు. గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత అన్ని కంపెనీలకూ ఒకే చోట దొరికే లెక్క కాదు. యాప్‌లో మీ బండి కంపెనీ, మోడల్ ప్రొఫైల్ ఎంచుకుంటేనే కనిపిస్తుంది. మూడు అంకెలు తెర మీద పెట్టుకోండి: గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత, ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు రెక్కలు) ఆర్‌పీఎం. కొన్ని యాప్‌లలో మూడోదాన్ని ఇన్‌పుట్ షాఫ్ట్ వేగం అంటారు. రెండో అంకెలోంచి మూడోది తీసేస్తే మిగిలేదే స్లిప్.

80 నుంచి 95 డిగ్రీలు మామూలు. మే నెలలో ఏసీ వేసుకుని అమీర్‌పేట దాటుతుంటే 100 చూపినా కంగారు పడక్కర్లేదు. 105 దాటి ఇంకా ఎక్కుతుంటే మీ పద్ధతి మార్చాలి. 110 దగ్గర నీడ చూసి ఆపడం మంచిది. 120 దాటిందంటే ఆయిల్ ఆక్సీకరణ చెందడం, అంటే మాడిపోవడం, వేగంగా మొదలైనట్టే. పాత తరం ఆయిల్స్‌కి మెకానిక్కులు వాడిన సూత్రం ఒకటుంది. 80 డిగ్రీల పైన ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగం అవుతుందని. ఇప్పటి సింథటిక్ ఆయిల్స్ ఇంకాస్త తట్టుకుంటాయి కానీ దిశ మాత్రం అదే. 150 దగ్గర రబ్బరు సీళ్లు గట్టిపడిపోతాయి, క్లచ్ ప్లేట్ల లైనింగ్ మాడుతుంది. అక్కడికి వెళ్లిన గేర్‌బాక్స్‌కి ఆయిల్ మార్చినా పాత నున్నదనం తిరిగి రాదు.

వేడెక్కి ఆపినప్పుడు ఇంజిన్ వెంటనే ఆఫ్ చేయకండి. ఆయిల్‌ని కూలర్‌కి పంపే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే వేడి ఆయిల్ ఉన్నచోటే ఉడుకుతూ ఉంటుంది. పీలో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బానెట్ ఎత్తి, ఐడిల్‌లో ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చెవితో వినండి. ఆయిల్ వంద లోపుకి దిగాక కదలండి. ఒకవేళ పక్కనే కూలెంట్ ముల్లు కూడా ఎర్ర గీత దగ్గరికి వెళ్తుంటే అది వేరే సంగతి, అప్పుడు ఇంజిన్ ఆపక తప్పదు.

లాకప్ పడుతోందో లేదో పరీక్షించండి

ఇది ప్రతి ఆటోమేటిక్ యజమానికీ తెలిసి ఉండాల్సిన పరీక్ష. ఉదయం ఆరు గంటలకు ఓఆర్‌ఆర్ ఎడమ లేన్లలో చేయండి, పక్క సీట్లో ఇంకొకరు ఫోన్ చూస్తూ ఉండాలి.

ఇరవై నిమిషాలు నడిపి బండి వేడెక్కనివ్వండి. 70 నుంచి 80 మధ్య వేగం దగ్గర యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకోండి. టాప్ గేరు పడ్డాక రెండు మూడు సెకన్లకు ఆర్‌పీఎం ముల్లు ఇంకో రెండు మూడు వందలు మెత్తగా దిగుతుంది. గేరు మారలేదు, వేగం మారలేదు, ముల్లు మాత్రం దిగింది. అదే లాకప్. కొత్త బండ్లలో ఇది రెండో, మూడో గేరులోనే జరిగిపోతుంది కాబట్టి ముల్లులో విడిగా కనిపించకపోవచ్చు. ఫోన్‌లో స్లిప్ 50 లోపు ఉంటే చాలు.

ఇప్పుడు యాక్సిలరేటర్‌ను ఒక వెంట్రుకవాసి నొక్కండి. లాకప్ పడి ఉంటే ఆర్‌పీఎం, బండి వేగం కలిసే పెరుగుతాయి. లాకప్ లేకపోతే ముల్లు ముందు ఎగురుతుంది, బండి తీరిగ్గా వెనక వస్తుంది. అదే వేగంలో స్లిప్ 150 నుంచి 400 మధ్య నిలకడగా ఉంటే లాకప్ తెరిచే ఉందని లెక్క.

తెరిచే ఉంటే నేరుగా గేర్‌బాక్స్ విప్పించేయకండి. కంప్యూటర్ లాకప్‌కి అనుమతి ఇవ్వకపోవడానికి చవకైన కారణాలు చాలా ఉన్నాయి, వాటిని ముందు చూడాలి.

బ్రేక్ పెడల్ స్విచ్ మొదటిది. బ్రేక్ తొక్కారని కంప్యూటర్‌కి తెలిసిన మరుక్షణం లాకప్ విడిపోతుంది, లేకపోతే బండి ఆగేటప్పుడు ఇంజిన్ కూడా ఆగిపోతుంది మరి. ఆ స్విచ్ ఇరుక్కుపోతే బ్రేక్ ఎప్పుడూ తొక్కినట్టే లెక్క. రాత్రి గోడకు వెనక ఆపి చూడండి, పెడల్ వదిలినా బ్రేక్ లైటు వెలుగుతుంటే దొంగ దొరికినట్టే. ఎడమ కాలు బ్రేక్ మీద ఆనించి నడిపే అలవాటు ఉన్నవాళ్లు తమంతట తామే లాకప్‌ని పగలంతా తెరిచి పెడుతున్నారు.

రెండోది మన ఊళ్లో మరీ ఎక్కువ. బండి హీట్ ఎక్కుతోందని వెళ్తే కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ వాల్వ్ పీకేసి, "ఎండలకు అదెందుకు సార్" అంటారు. ఆ వాల్వ్ లేకపోతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూడా కూలెంట్ అంతా రేడియేటర్‌కే పరుగెడుతుంది, హైవే గాలికి ఇంజిన్ పని చేయాల్సిన ఉష్ణోగ్రతకు రానే రాదు. చాలా బండ్లలో కూలెంట్ ఒక స్థాయికి వేడెక్కేదాకా లాకప్‌కి అనుమతి ఉండదు. ఇంజిన్‌ని చల్లబరచబోయి గేర్‌బాక్స్‌ని కాల్చినట్టవుతుంది. ఓఆర్‌ఆర్ మీద అరగంట నడిపినా కూలెంట్ 75 దాటడం లేదంటే వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుంది. కొత్తది వేయించండి.

ఈ రెండూ బాగుంటే కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివించండి. పీ0740 లాకప్ సోలెనాయిడ్ సర్క్యూట్‌కి, పీ0741 లాకప్ పడకపోవడానికి, పీ0742 పడి విడిపోకపోవడానికి వస్తాయి. పీ0218 అంటే ఆయిల్ హద్దు దాటి వేడెక్కింది. పీ0711 ఉష్ణోగ్రత సెన్సర్‌దే తప్పుడు లెక్క అని చెబుతుంది. ఈ చివరిది వస్తే ముందు దాని సంగతి తేల్చాలి, సెన్సర్ అబద్ధం చెబుతుంటే మిగతా ఏ అంకెనూ నమ్మలేం.

ఊళ్లో నడిపే తీరు మార్చుకోండి

5 నుంచి 20 కిలోమీటర్ల వేగంలో లాకప్ పడదు. ఇంజిన్ 1200, టర్బైన్ 600 తిరుగుతున్నప్పుడు ఇంజిన్ ఇచ్చే బలంలో మూడో వంతు దాకా వేడిగా పోతుంది. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ముందు బండి మీటరు కదిలితే మీరూ మీటరు కదలడం, మళ్లీ బ్రేక్, ఇలా నలభై సార్లు చేస్తే ప్రతిసారీ ఆ నష్టమే. దాని బదులు ముందు రెండు మూడు కార్ల చోటు ఏర్పడనివ్వండి, తర్వాత బ్రేక్ వదిలి దానంతటది పాకనివ్వండి. ఆ ఖాళీలోకి ఎవరో ఒక ఆటో దూరుతుంది, దూరనివ్వండి.

సిగ్నల్ దగ్గర డీ నా, ఎన్ నా అని చాలామంది అడుగుతారు. సిగ్నల్ మీద కనిపించే సెకన్ల అంకె 60 లోపు ఉంటే డీలోనే బ్రేక్ తొక్కి ఉండండి. 60 పైన ఉంటే, ముఖ్యంగా ఎండాకాలం మధ్యాహ్నం, ఎన్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయడం మేలు. మళ్లీ డీలోకి వచ్చినప్పుడు ఒక విషయం మర్చిపోవద్దు. గేరు పట్టుకున్నట్టు చిన్న తోపు తెలుస్తుంది, దానికి ఒక సెకను పడుతుంది. ఆ తోపు తెలిశాకే యాక్సిలరేటర్. వెనక హారన్ కొడుతున్నారని ముందే తొక్కితే క్లచ్ ప్లేట్లు సగం పట్టుకున్న దశలో రాపిడికి గురవుతాయి. ఆర్ నుంచి డీకి మారేటప్పుడు కూడా బండి పూర్తిగా ఆగాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో వెనక్కి జారుతుండగానే డీ వేసేయడం చాలా మామూలైపోయింది.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట బండి దిగుతుంటే పెట్రోలు మిగులుతుందని ఎన్‌లో వేసి వదిలేయకండి. డీలో యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజిన్లు ఇంధనం కట్ చేస్తాయి. ఎన్‌లో మాత్రం ఐడిల్‌కి కాస్త తాగుతూనే ఉంటాయి. పైగా వేగంలో మళ్లీ డీ వేస్తే క్లచ్చులకు దెబ్బ.

ఎత్తులు, ఘాట్ రోడ్లు

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి రోడ్డు, ఈగలపెంట దాటి కృష్ణా నది దగ్గరికి దిగుడు, డ్యామ్ అవతల సున్నిపెంట వైపు ఎక్కుడు. ఏడుగురిని, సామాన్లను వేసుకుని మే నెలలో వెళ్లేటప్పుడు గేర్‌బాక్స్‌కి ఇదే అసలు పరీక్ష.

ఎక్కేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఆర్‌పీఎం తక్కువ ఉంటే బండికి మంచిదనుకోవడం. డీలో వదిలేస్తే కంప్యూటర్ మైలేజీ కోసం పెద్ద గేరులో లాగాలని చూస్తుంది. బలం చాలక లాకప్ విడిపోతుంది, 1400 ఆర్‌పీఎంలో కన్వర్టర్ జారుతూ ఎక్కుతుంది. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి మూడో గేరో, రెండో గేరో వేయండి. 2200 నుంచి 2800 మధ్య ఆర్‌పీఎం పెట్రోలు బండికి, 1800 నుంచి 2400 డీజిల్‌కి సరిపోతుంది. ఇప్పుడు మూడు లాభాలు ఒకేసారి వస్తాయి: టర్బైన్ వేగం పెరిగి స్లిప్ తగ్గుతుంది, లాకప్ మళ్లీ పడే అవకాశం వస్తుంది, పంపు కూడా వేగంగా తిరిగి కూలర్‌కి ఎక్కువ ఆయిల్ పంపుతుంది. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, దానికి భయపడకండి. ఫోన్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత దిగడం మీరే చూస్తారు.

దిగేటప్పుడు కూడా అదే గేరు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల మాట ఆటోమేటిక్‌కీ పనికొస్తుంది.

ఒకవేళ బండి చెడిపోయి లాగించాల్సి వస్తే ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించమనండి. ఇంజిన్ ఆగి, చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపల పంపు తిరగదు, బేరింగులకు ఆయిల్ అందదు. తాడు కట్టి పది కిలోమీటర్లు లాగిన బండి గేర్‌బాక్స్ ఆ పది కిలోమీటర్లలోనే పోవచ్చు.

కూలింగ్ దారి శుభ్రంగా ఉంచండి

చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచేది కూలెంటే. రేడియేటర్ అడుగున ఉన్న గొట్టంలోనో, గేర్‌బాక్స్ మీద బిగించిన చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోనో ఒక పక్క కూలెంట్, ఒక పక్క ఆయిల్ ప్రవహిస్తాయి. కూలెంట్ బాగోలేకపోతే ఆయిల్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు.

బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పెంకు కట్టడం మన ఇళ్లలో అందరం చూస్తాం. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే అదే పెంకు హీట్ ఎక్స్‌ఛేంజర్ సన్నటి దారుల్లో కడుతుంది, వేడి దాటకుండా దుప్పటిలా అడ్డుపడుతుంది. మంజీరా కుళాయి నీళ్లు కూడా వద్దు. కాన్సంట్రేట్ కూలెంట్ కొంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. లెక్క తలనొప్పి అనుకుంటే కలిపి అమ్మేదే కొనండి. ఇదివరకే బోరు నీళ్లు పోసి ఉంటే, మొత్తం తీసేసి డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి కొత్తది పోయించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దని మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

వేసవికి ముందు మార్చిలో ఒకసారి బంపర్ జాలీలోంచి టార్చి వేసి చూడండి. ఏసీ కండెన్సర్ ముందుంటుంది, దాని వెనక రేడియేటర్. ఈ రెండింటి మధ్య వేపాకు, దుమ్ము, వానాకాలం బురద కలిసి చాపలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ప్రెషర్ వాషర్‌ని దగ్గరగా పెట్టి కొడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. మామూలు తోట పైపుతో, వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి.

విడిగా గేర్‌బాక్స్ కూలర్ పెట్టించాలా? ఊళ్లో తిరిగే బండికి అక్కర్లేదు. పైవన్నీ సరిగ్గా ఉండి కూడా ఘాట్‌లో 110 దాటుతుంటేనే ఆలోచించండి. అప్పుడు పలకల రకం కూలర్‌ని, కంపెనీ కూలర్ తర్వాత తిరుగు లైనులో, గేర్‌బాక్స్ ఆయిల్‌కి తగిన గొట్టంతో వేయించాలి. మామూలు పెట్రోలు పైపు వేడికి ఉబ్బి ఊడిపోతుంది. వారంటీ ఉన్న బండికి ఇది ముట్టుకోవద్దు.

ఆయిల్ మార్చే పద్ధతి

"లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అనే మాటను మన ట్రాఫిక్‌కి, మన ఎండకి నమ్మకండి. మాన్యువల్‌లో తీవ్రమైన వాడకం అనే భాగం చదవండి. ఆగుతూ సాగే ట్రాఫిక్, అధిక ఉష్ణోగ్రతలు, కొండ దారులు అని రాసి ఉంటుంది. అది మన గురించే. 50 నుంచి 60 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చడం మా సలహా.

ఏ ఆయిల్ అన్నది మాన్యువలే చెప్పాలి. టొయోటాలో చాలావాటికి డబ్ల్యూఎస్, హ్యుందాయ్, కియా 6 స్పీడ్‌కి ఎస్‌పీ-4 రకం. రంగు ఎర్రగా ఉంటే అన్నీ ఒకటే అని డ్రమ్ములోంచి పోసేచోట బండి ఇవ్వొద్దు. లాకప్ క్లచ్ మెత్తగా పట్టుకోవడానికి ఆయిల్‌లో ప్రత్యేకమైన రసాయనాలుంటాయి, తేడా ఆయిల్‌తో మొదట కనిపించేది లాకప్ కుదుపే.

చాలా 6 స్పీడ్ గేర్‌బాక్సుల్లో మొత్తం ఆయిల్ ఏడు లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటివాటిలో ఇంకా ఎక్కువ. బోల్టు విప్పితే కారేది మూడున్నర, నాలుగు లీటర్లే. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. ఏడులో మూడున్నర చొప్పున మూడుసార్లు మారిస్తే కొత్త ఆయిల్ వాటా 50, తర్వాత 75, చివరికి 87.5 శాతానికి వస్తుంది. మధ్యలో రెండు మూడు వందల కిలోమీటర్లు నడపండి. మొత్తం పదకొండు లీటర్లు కొనుక్కోవాలి. క్రమం తప్పకుండా మారుస్తున్న బండికి ఒక్కసారి తీసి పోస్తే చాలు.

ముందు ఆయిల్ పోసే ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే కింద బోల్టు విప్పండి. ఆయిల్ అంతా కార్చేశాక పై ప్లగ్గు తుప్పు పట్టి కదలకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. కారిన ఆయిల్‌ని గీతలున్న జగ్గులో కొలవండి, అంతే కొత్తది పోయండి. బోల్టు వాషర్ కొత్తది వేయండి. బోల్టుకో, పాన్‌కో ఉన్న అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య నలిపితే రవ్వలు, రేకులు తగిలితే లోపల ఏదో విరుగుతోంది.

లెవెల్ చూడటంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఏడు లీటర్ల ఆయిల్ 50 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరు దాకా ఉబ్బుతుంది. అందుకే ప్రతి కంపెనీ ఏ ఉష్ణోగ్రతలో చూడాలో చెబుతుంది. హ్యుందాయ్ 6 స్పీడ్‌కి 50 నుంచి 60, ఐసిన్ అనే కంపెనీ గేర్‌బాక్సులు చాలావాటికి 40 చుట్టుపక్కల. బండి నేల మీద సమంగా ఉండాలి. ఇంజిన్ ఆన్‌లో, బ్రేక్ తొక్కి పీ నుంచి డీ దాకా ఒక్కో చోట మూడు సెకన్లు ఆగుతూ తిప్పి మళ్లీ పీకి రావాలి. ఉష్ణోగ్రత ఆ గీతలో ఉండగా లెవెల్ ప్లగ్గు తీస్తే సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారాలి, అప్పుడు మూసేయాలి. ఏమీ రాకపోతే తక్కువున్నట్టు, రావడం మొదలయ్యేదాకా పోయాలి. 40 డిగ్రీల గేర్‌బాక్స్ అయితే మే నెల మధ్యాహ్నం షెడ్డులో ఈ పని పెట్టుకోవద్దు. ఎండలో నిలబడిన బండి ఆయిలే ఆ వేడికి వచ్చేసి ఉంటుంది, ఇంజిన్ స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకే సమయం దాటిపోతుంది. రాత్రంతా చల్లారాక పొద్దున్నే చేయించండి.

తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే గేర్లు ఆయిల్‌ని నురగ కొడతాయి. రెండింటిలోనూ ప్రెషర్ పడిపోయి ప్లేట్లు జారతాయి. తీసిన పాత ఆయిల్‌ని నాలాలో పోయకండి, పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్లకు ఇవ్వండి.

ఆయిల్ రంగును తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి చూడండి. ఎరుపు నుంచి గోధుమ రంగుకి మారడం సహజం. నల్లగా, మాడిన వాసనతో ఉంటే ప్లేట్లు కాలాయి. అలాంటి బండికి మిషన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించవద్దు, మెల్లగా కార్చి పోయడమే. స్ట్రాబెర్రీ మిల్క్‌లా గులాబీ రంగులో చిక్కగా ఉంటే నీళ్లు కలిశాయి. వానల్లో అండర్‌పాస్ నీళ్లలో బండి మునిగితే గాలి గొట్టం ద్వారా, లేదా రేడియేటర్ లోపలి కూలర్ పగిలితే కూలెంట్ ద్వారా ఇది జరుగుతుంది. నీళ్లు ప్లేట్ల లైనింగ్‌ని పట్టి ఉంచే జిగురును విప్పేస్తాయి. ఆ రంగు కనిపిస్తే బండి స్టార్ట్ కూడా చేయకుండా ఫ్లాట్‌బెడ్ పిలవండి.

లాకప్ కుదుపు వస్తే

50 నుంచి 80 మధ్య వేగంలో, తేలికగా యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు, టోల్‌గేట్ ముందు గరుకు గీతల మీద వెళ్లినట్టు ఒకటి రెండు సెకన్లు బండి వణుకుతుంది. చాలామంది దీన్ని ఇంజిన్ మిస్‌ఫైర్ అనుకుని స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ మార్పిస్తారు. తేడా ఇలా తెలుసుకోండి. వణుకు వస్తుండగా, వెనక బండి లేదని చూసుకుని, బ్రేక్ లైటు వెలిగేంత మాత్రం పెడల్ తాకండి. వణుకు కోసినట్టు ఆగిపోతే అది లాకప్ క్లచ్, ఎందుకంటే మీరు దాన్ని విడదీశారు. ఆగకపోతే ఇంజిన్ వైపు, ఇంజిన్ మౌంట్ల వైపు చూడాలి.

లాకప్ కుదుపుకి మొదటి మందు సరైన ఆయిల్‌తో రెండు మూడుసార్లు మార్చడం. తొందరగా పట్టుకుంటే చాలా బండ్లు దీంతోనే సర్దుకుంటాయి. కుదుపును నెలల తరబడి అలాగే లాగితే లైనింగ్ పొడి అయి ఆయిల్‌లో కలిసి వాల్వ్ బాడీ (ఆయిల్ ప్రెషర్‌ని క్లచ్చులకు పంచే భాగం) సన్నటి రంధ్రాల్లో చేరుతుంది, అప్పుడు ఖర్చు పది రెట్లవుతుంది. మూడుసార్లు మార్చి వెయ్యి కిలోమీటర్లు నడిపాక కూడా వణుకు ఉంటే కన్వర్టర్ మార్చాలి. ఆ పని ఒప్పుకునేటప్పుడు గేర్‌బాక్స్ కూలర్‌ని కూడా మార్చాలని, కనీసం రెండు దిక్కులా కడగాలని ముందే చెప్పి, బిల్లులో విడిగా రాయించుకోండి. కడగని కూలర్‌లో ఇరుక్కున్న పాత పొడి, ఇంజిన్ స్టార్ట్ చేశాక తిరిగి గేర్‌బాక్స్‌లోకే చేరుతుంది.